ఇంకా నూట యాభై ఉన్నాయి

మా అల్లుడికి బేస్‌బాల్ పిచ్చి. పెళ్ళిచూపులప్పుడు సిగరెట్టు, పేకాట, కోపతాపాలు, అన్నీ ఆరా తీశాం గాని ఇదొకటి అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

వాళ్ళుండేది అమెరికాలో, క్లీవ్‌లండ్. నేను మొదటిసారి 2016లో వచ్చినప్పుడు ఈ ఊరి జట్టు పేరు ఇండియన్స్. "మనవాళ్ళేనన్నమాట!" అని తెగ మురిసిపోయాను. ఆ ఇండియన్స్ మనం కాదనీ, కొలంబస్ దారితప్పి పెట్టిన పేరు తాలూకు వాళ్ళనీ అమ్మాయి చెప్పి నా ఉత్సాహం మీద నీళ్ళు చల్లింది. 2021 సీజన్ అయ్యాక ఆ పేరు తీసేసి గార్డియన్స్ అని పెట్టుకున్నారు. పేరు మారింది గాని జాతకం మారలేదు. మనకు స్వతంత్రం వచ్చిన మరుసటేడు, 1948లో, వరల్డ్ సీరీస్ గెలిచారు. అదే ఆఖరు. (ఒక్క కెనడా జట్టు తప్ప మిగతావన్నీ అమెరికావే. అయినా దానికి వరల్డ్ సీరీస్ అని పేరు. మనకెందుకులెండి.)

2016లో దాదాపు చేతికందింది. ఏడు ఆటల్లో నాలుగు గెలవాలి. మొదటి నాలుగింట్లో మూడు గెలిచేశారు. ఇంకొక్కటి చాలు. అల్లుడు స్వీట్లు కూడా తెచ్చిపెట్టాడు. తర్వాత రెండూ ఓడారు. ఏడోది నవంబరు 2 రాత్రి, సొంత ఊళ్ళోనే. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేసరికి చెరి ఆరు. సరిగ్గా అప్పుడే వాన! పదిహేడు నిమిషాలు. వాన వెలిశాక పదో ఇన్నింగ్స్‌లో చికాగో వాళ్ళు 8-7తో ఎగరేసుకుపోయారు. తిట్టుకుందామంటే వాళ్ళూ 1908 నించి, నూట ఎనిమిదేళ్ళుగా ఎదురుచూస్తున్నవాళ్ళేనట. ఎవర్నని తిడతాం? అల్లుడు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారి కాఫీ తాగుతూ, "వచ్చే ఏడు చూడండి అత్తయ్యగారూ" అన్నాడు.

మనం ఉగాదినాడు పంచాంగం వినడం లేదూ, అలాగే. ఆదాయం రెండు, వ్యయం పదకొండు అన్నా, "పోనీ, రాజపూజ్యం అయిదుందిగా" అని సర్దుకుంటాం చూడండి.

ఈసారి నేను వచ్చింది ఆట చూడ్డానికి కాదు. అమ్మాయికి మూడో నెల. తన అనుమతితోనే ఈ మాట రాస్తున్నాను. ఇంతకు ముందు రెండుసార్లు నిలవలేదు. మొదటిసారి మెత్తటి పాత చీరలతో బొంతలు కుట్టి తెచ్చాను. నేను దిగిన నాలుగో రోజునే అంతా అయిపోయింది. వాటిని పెట్టెలోంచి బయటికి తియ్యకుండానే వెనక్కి పట్టుకుపోయాను. అందుకని ఈసారి విమానాశ్రయంలోనే చెప్పేసింది. "అమ్మా, ఏమీ కొనకు. ఏమీ కుట్టకు. ఎవరికీ చెప్పకు." సరేనన్నాను. ఇంట్లో ఆ ఊసే ఉండదు. అందరం దానిచుట్టూ మునివేళ్ళ మీద నడుస్తూంటాం.

మార్చి చివర ఆటలు మొదలయ్యాయి. సెప్టెంబరు చివరిదాకా నూట అరవై రెండు! ఈరీ సరస్సు మీంచి వచ్చే గాలి ఏప్రిల్లో కూడా ఎముకలు కొరుకుతుంది. 2007లో అయితే ఈ నెలలోనే మంచు కురిసి, ఇక్కడ ఆడాల్సిన ఆటలు కొన్ని మిల్వాకీకి తీసుకెళ్ళి ఆడించారట. అల్లుడు దుప్పటి కప్పుకుని టీవీ ముందు కూచుంటాడు. ఓడితే, "ఫర్వాలేదండీ, ఇంకా నూట యాభై ఉన్నాయి" అంటాడు. ఎంత గొప్ప జట్టయినా ఏడాదికి అరవై దాకా ఓడుతుందట. పదిసార్లు బ్యాటు పట్టి మూడుసార్లు సరిగ్గా కొడితే వాడు ఘనుడట! పదిరోజుల్లో ఏడు రోజులు కూర మాడిస్తే మనల్ని ఘనురాలు అంటారా, మీరే చెప్పండి. ఇక, 2019లో వాషింగ్టన్ మొదటి యాభై ఆటల్లో ముప్ఫై ఒకటి ఓడి కూడా చివరికి వరల్డ్ సీరీస్ కొట్టిన కథ నాకు కంఠతా వచ్చేసింది.

మొన్న అలాగే ఓడారు. అల్లుడు అలవాటుగా, "ఇంకా నూట యాభై..." అన్నాడు.

సోఫాలో పడుకున్న అమ్మాయి తల తిప్పకుండానే అంది. "నీకు ఆశ పడ్డం సులువే. నీకు నూట యాభై ఉన్నాయి. నాకు ఒక్కటి."

అల్లుడు టీవీ కట్టేశాడు. ఏదో అనబోయి మానేశాడు. అమ్మాయి లేచి గదిలోకి వెళ్ళిపోయింది. నాకూ నోట మాట రాలేదు. పెద్దదాన్ని, ఏదో ఒకటి అని సర్దాల్సింది. ఏమని సర్దను? అది అన్నదాంట్లో తప్పేముందని?

మర్నాడు రాత్రి నిద్రపట్టక హాల్లోకొస్తే అతను చీకట్లో, మాట వినపడకుండా టీవీ పెట్టుకుని చూస్తున్నాడు. దొంగతనం చేస్తూ దొరికినట్టు లేచి నిలబడ్డాడు. "కూచో బాబూ" అని నేనూ పక్కన కూచున్నాను. కాసేపయ్యాక, "2025 జూన్ చివర్నించి జూలై మొదటిదాకా మావాళ్ళు పది ఆటలు వరసగా ఓడారు అత్తయ్యగారూ. పై జట్టుకన్నా పదిహేనున్నర ఆటలు వెనకబడిపోయారు. అయినా సెప్టెంబరుకల్లా ఆ డివిజన్లో మొదటికొచ్చారు" అన్నాడు గుసగుసగా. అర ఆట ఏమిటని నన్నడక్కండి, నేనూ అతన్ని అడగలేదు. ఆ గొంతు చూస్తే అతను చెప్తున్నది ఆట సంగతిలా లేదు.

నేను కూడా నా దొంగతనం బయటపెట్టాను. సంచిలోంచి ఊలూ సూదులూ తీశాను. కొనకూడదన్నది గనక కొనలేదు. అతను పారెయ్యమని పక్కన పెట్టిన పాత స్వెట్టరు విప్పి ఉండ చుట్టాను. ముదురు నీలం. బత్తాయిపండంత తలకి సరిపోయే టోపీ, సగమైంది. అతను దాన్ని చూశాడు, ఏమీ అనలేదు, మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు.

తలుపు చప్పుడైంది. దాచుకునే వ్యవధి లేదు. అమ్మాయి వచ్చి మా ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూచుంది.

"ఎంత?" అంది.

"రెండు వెనక. ఆరో ఇన్నింగ్సు" అన్నాడతను.

కాసేపు ఆట చూసింది. తర్వాత నా ఒళ్ళోంచి టోపీ తీసుకుని అటూ ఇటూ తిప్పింది. నా గుండె దడదడలాడింది.

"ఈ రంగేమిటమ్మా, మరీ చీకట్లా!" అంది. "రేపు లేతపసుపుది కొందాం."