డెమోలో అంతా బాగానే ఉంది

హోటళ్ళవాళ్ళు ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో, గది తలుపులకు ఏ తాళాలు పెట్టించుకోవాలో, ఏ బిల్లింగ్ పద్ధతి వాళ్ళకు సరిపోతుందో చెప్పడం నా వృత్తి. మన సంఘం మీటింగుల్లో కొత్తగా పరిచయమైనవాళ్ళు ఈ మాట వినగానే "అయితే మీకు మూఢనమ్మకాలతో పెద్దగా పని పడదన్నమాట" అంటుంటారు. అంతా కంప్యూటర్ల వ్యవహారం కదా అని వాళ్ళ ఉద్దేశం. నేను నవ్వి ఊరుకుంటాను. నా వృత్తిలో నాకు ఎదురైన నమ్మకాల్లో అన్నిటికంటే చెడ్డది నాదే. దాని ఖరీదు మాత్రం ఇంకొకాయన కట్టాడు. ఇన్నేళ్ళుగా ఆ సంగతి ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

2014 లో తిరుపతిలో ఒక లాడ్జికి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించాను. యజమాని భక్తిపరుడు. మొదలుపెట్టాల్సిన రోజు అమావాస్య దగ్గరపడిందని నాలుగు రోజులు వెనక్కి జరిపాడు. కరెంటుతో నడిచేది కాబట్టి సర్వర్ ఆగ్నేయంలో ఉండాలని సిద్ధాంతి చెబితే, ఎండ తగిలే గదైనా సరే అక్కడే పెట్టించాడు. మానిటర్‌కు బొట్టు పెట్టారు, గుమ్మం ముందు గుమ్మడికాయ కొట్టారు. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడి లోపల్లోపల నవ్వుకున్నాను. మరుసటి ఆదివారం మన మిత్రులకు ఈ కథంతా అభినయించి చూపించాను కూడా. అందరం బాగా నవ్వుకున్నాం.

అసలు కథ అర్థం కావాలంటే ఒక చిన్న విషయం చెప్పాలి. పెద్ద నగరాల స్టార్ హోటళ్ళలో మధ్యాహ్నం పన్నెండుకు గది ఖాళీ చెయ్యాలనడం మామూలు. తిరుపతి లాంటి యాత్రాస్థలాల్లో చాలా లాడ్జీలది 24 గంటల చెకౌట్. ఏ టైముకు దిగితే మర్నాడు అదే టైము దాకా ఒక రోజు అద్దె. యాత్రికుడు తెల్లవారుజామున మూడింటికి రైలు దిగుతాడు. సామాను గదిలో పడేసి కొండకు వెళ్తాడు. దర్శనం ఎన్ని గంటలకవుతుందో ఆయనకే తెలియదు. రాత్రి పదకొండుకు కిందికొచ్చి ఇంకో రైలు పట్టుకుంటాడు. పన్నెండు గంటల లెక్క పెడితే ఇలాంటివాడి దగ్గర రెండు రోజుల అద్దె గుంజాలి. అందుకే ఆ ఊళ్ళో ఈ పద్ధతి పుట్టింది.

హోటల్ సాఫ్ట్‌వేర్లలో చాలావాటి పుట్టుక వేరే లోకంలో జరిగింది. అవి అర్ధరాత్రి దాటాక 'నైట్ ఆడిట్' అని ఒక రోజును మూసేసి, నిండిన గదులన్నిటికీ అద్దె ఎక్కిస్తాయి. వాటికి రోజు అంటే హోటల్ రోజు, అతిథి రోజు కాదు. 24 గంటల లెక్క తర్వాత అతికించుకున్నదే. నేను సిఫారసు చేసిన కంపెనీ (పేరు అనవసరం) తమకు ఆ సౌకర్యం ఉందని చెప్పింది. డెమో ఇచ్చిన కుర్రాడు చాలా చురుకైనవాడు. పొద్దున పదింటికి ఒక అతిథిని దింపాడు, మర్నాడు తొమ్మిదిన్నరకు ఖాళీ చేయించాడు. బిల్లు ఒక రోజుకే వచ్చింది. మేం తలలూపాం. వాడుతున్న మూడు హోటళ్ళ ఫోన్ నంబర్లు ఇచ్చాడు. మూడు చోట్లా బాగుందనే అన్నారు.

ఆ కంపెనీ నాకు కమిషన్ ఇస్తానంటే వద్దన్నాను. మా వృత్తిలో చాలామంది అటు హోటల్ దగ్గర ఫీజు, ఇటు కంపెనీ దగ్గర శాతం తీసుకుంటారు. నేను తీసుకోను కాబట్టి నా సలహా సరైనదే అయివుంటుందని నాకొక ధీమా ఉండేది. నిజాయితీ వేరు, పరీక్షించడం వేరు. ఈ తేడా నాకు అప్పటికి తెలియలేదు.

నాలుగు నెలల తర్వాత యజమాని ఫోన్ చేసి రమ్మన్నాడు. రిపోర్టుల వాడకం నేర్పమన్నాడు. ఏ గుమాస్తా ఎంత డిస్కౌంట్ ఇచ్చాడో పేరు వారీగా చూపించే రిపోర్టు ఒకటుంది. అది తీసి చూపించాను. నైట్ డ్యూటీలో ఉండే ఒకాయన పేరు మీద, మిగతా అందరివీ కలిపినదానికంటే ఎక్కువ డిస్కౌంట్లు కనపడ్డాయి. ఆయన ఆ కౌంటర్లో పద్ధెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నాడు. యజమాని మొహం నల్లబడింది. "ఏం సార్, ఇది నిజమేనా?" అని నన్నడిగాడు.

"మనిషి అబద్ధం చెప్పొచ్చు గానీ, కంప్యూటర్ చెప్పదు కదండీ" అన్నాను. సరిగ్గా ఇవే మాటలు.

అతిథి దగ్గర పూర్తి డబ్బు తీసుకుని, లెక్కలో డిస్కౌంట్ చూపించి, మిగిలింది జేబులో వేసుకోవడం హోటళ్ళలో పాత విద్యే. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన్ని పిలిచి రెండు మాటలు అడిగారు. "కంపెనీవాళ్ళు ఫోన్లో అలాగే వెయ్యమన్నారండీ" అన్నాడు. కంపెనీవాళ్ళు అలాంటిదేమీ చెప్పలేదన్నారు. మర్నాటి నుంచి రావద్దన్నారు.

ఇది జరిగిన మూడు నెలలకు వేరే పని మీద అదే లాడ్జికి వెళ్ళాను. నైట్ డ్యూటీకి వచ్చిన కొత్త కుర్రాడి పేరు మీద కూడా డిస్కౌంట్లు అంతే జోరుగా పడుతున్నాయి. ఇద్దరు దొంగలు ఒకే కుర్చీలోకి, ఒకే అలవాటుతో రావడం విచిత్రంగా అనిపించింది. అప్పుడు చేశాను మొదటే చెయ్యాల్సిన పని. లాడ్జీల్లో అతిథులు సంతకాలు పెట్టే పెద్ద రిజిస్టరు ఉంటుంది కదా, అందులో దిగిన టైము, ఖాళీ చేసిన టైము రాసి ఉంటాయి. దాన్నీ, పాత గుమాస్తా డిస్కౌంట్ల జాబితానీ పక్కపక్కన పెట్టుకుని రాత్రంతా కూర్చున్నాను.

తెల్లారేసరికి తేలిందేమిటంటే, డిస్కౌంట్ పడ్డ బిల్లులన్నీ మధ్యలో గది మారినవాళ్ళవి. నాన్ ఏసీలో దిగి ఉక్కపోతకు తట్టుకోలేక ఏసీకి మారినవాళ్ళు, చుట్టాలొస్తే పెద్ద గదికి మారినవాళ్ళు. గది మార్చగానే సాఫ్ట్‌వేర్ పాత గదికి ఒక రోజు అద్దె వేసి మూసేసి, కొత్త గదికి గడియారం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతోంది. ఇరవై గంటలున్న మనిషికి రెండు రోజుల బిల్లు! ఆయన ఆ అదనపు రోజును డిస్కౌంట్‌గా తీసేసి, న్యాయంగా రావలసినంతే తీసుకున్నాడు. ఖాళీ చేసేవాళ్ళు ఎక్కువగా రాత్రి రైళ్ళకు వెళ్ళేవాళ్ళు కాబట్టి అవన్నీ ఆయన పేరు మీదే పడ్డాయి. ఒక్క రూపాయి కూడా తేడా లేదు.

యజమాని మంచివాడే. తప్పు ఒప్పుకున్నాడు. ఇద్దరం కలిసి ఆయన ఇంటికి వెళ్ళాం. అప్పటికే ఇంకో ఊళ్ళో తక్కువ జీతానికి చేరాడట, ఆరోజు ఇంట్లో ఉన్నాడు. మళ్ళీ రమ్మంటే రానన్నాడు. నావైపు తిరిగి, "కంప్యూటర్ని అడిగారు గానీ నన్ను సరిగ్గా అడగలేదు సార్. ఆ రిజిస్టరు అప్పుడు కూడా అక్కడే ఉంది కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆయన తప్పేమీ లేదని యజమాని కాగితం రాసిచ్చాడు. ఊళ్ళో వచ్చిన చెడ్డపేరు ఒక కాగితంతో పోతుందా?

గుమ్మడికాయ వల్ల ఎవరి ఉద్యోగమూ పోలేదు. నా నమ్మకం వల్ల పోయింది.

ఇది ఒక చిన్న లాడ్జి కథ మాత్రమే అనుకోకండి. బ్రిటన్‌లో పోస్టాఫీసులు నడిపే సబ్ పోస్ట్‌మాస్టర్లు 900 మందికి పైగా 1999 నుంచి 2015 మధ్య దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద శిక్షలు పొందారు. హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ డబ్బు తక్కువ చూపించడమే వాళ్ళమీద సాక్ష్యం. ఆ వ్యవస్థలో లోపాలు ఉన్నాయని 2019 లో హైకోర్టు తేల్చింది. 2024 లో చట్టం చేసి ఆ శిక్షల్ని మూకుమ్మడిగా రద్దు చెయ్యాల్సి వచ్చింది. ఈలోగా కొందరు జైలుకు పోయారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. అక్కడ సిద్ధాంతి లేడు, ముహూర్తం లేదు. చదువుకున్న అధికారులూ, లాయర్లూ, న్యాయమూర్తులే ఉన్నారు. "యంత్రం చెప్పింది" అనే మాట దగ్గర అందరూ ఆగిపోయారు.

డా. కోవూర్ సవాలు మనందరికీ కంఠతా వచ్చు. లక్ష శ్రీలంక రూపాయల పందెం 1978 లో ఆయన చనిపోయేదాకా అలాగే ఉంది, ఎవరూ గెలవలేదు. కవరులో పెట్టి సీలు వేసిన కరెన్సీ నోటు నంబరు చదవమన్నాడాయన. ఇందులో కీలకం నోటు కాదు. ఆ నోటును ఎంచుకున్నది ఎవరు అన్నది. మహిమ చూపించేవాడు తన కవరు తనే తెచ్చుకుంటే అది పరీక్ష అవుతుందా? నేను ముప్ఫై ఊళ్ళలో ఈ మాట ఉపన్యాసాల్లో చెప్పి, డెమోలో మాత్రం కంపెనీ కుర్రాడు తెచ్చుకున్న కవరునే చూసి చప్పట్లు కొట్టాను. పదింటికి దిగి తొమ్మిదిన్నరకు వెళ్ళిపోయే అతిథి అతని కవరు. గది మారిన యాత్రికుడు మాది. అది మేం బయటికే తియ్యలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. కొన్ని చెబుతాను, హోటల్ లేనివాళ్ళకు కూడా పనికొస్తాయి.

ఒకటి. డెమోకు నేను హోటల్ పాత రిజిస్టరులోంచి ముప్ఫై చిక్కు బిల్లులు ఏరి తీసుకెళ్తాను. గది మారినవాళ్ళు, సగం అడ్వాన్సు వెనక్కి తీసుకున్నవాళ్ళు, ఒకే బిల్లును ముగ్గురి పేర్ల మీద కోరినవాళ్ళు. పన్ను కూడా ఇలాగే పరీక్షిస్తాను. 2017 జులై 1 న జీఎస్టీ వచ్చాక గదుల పన్ను 2019 అక్టోబర్‌లో మారింది, 2022 జులైలో వెయ్యి రూపాయల లోపు గదుల మినహాయింపు పోయింది, 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న గదులకు ఇన్‌పుట్ క్రెడిట్ లేకుండా 5 శాతం అయింది. రేటు మారిన రాత్రికి ముందు దిగి, తర్వాత ఖాళీ చేసినవాడి బిల్లు చూపించమంటాను. చాలా డెమోలు అక్కడే "సార్, మా టీముతో మాట్లాడి చెబుతాం" దగ్గర ఆగుతాయి.

రెండు. వాడుతున్నవాళ్ళ నంబర్లు కాదు, వాడి మానేసినవాళ్ళ నంబర్లు అడుగుతాను. బాబా దగ్గర రోగం నయంకానివాడు కృతజ్ఞతాపత్రం రాయడు కదా.

మూడు. "మా రేట్ల సాఫ్ట్‌వేర్ పెట్టాక ఆదాయం పెరిగింది" అంటే ఏ నెలలో పెట్టారని అడుగుతాను. వేసవి సెలవుల ముందు పెట్టి, సెలవుల్లో గదులు నిండాయంటే అందులో సాఫ్ట్‌వేర్ గొప్ప ఎంత? పైగా యజమానులు ఇలాంటివి కొనేది వ్యాపారం బాగా దెబ్బతిన్న నెలలోనే. ఆ తర్వాత ఏం చెయ్యకపోయినా కొంత కోలుకుంటుంది. జ్వరం ముదిరినప్పుడు తాయెత్తు కట్టించుకుంటే ఎలా తగ్గుతుందో, ఇదీ అలాగే. పోల్చాల్సింది కిందటి నెలతో కాదు, కిందటేడు ఇదే నెలతో, అదే వీధిలో అది కొనని హోటళ్ళతో.

నాలుగు. "ఎవరూ తెరవలేని తాళం" అనే మాట వినగానే 2012 గుర్తు చేస్తాను. ఆ ఏడాది ఆనిటీ కంపెనీ హోటల్ తాళాల్ని 50 డాలర్ల లోపు సామానుతో తెరవొచ్చని కోడీ బ్రోషస్ అమెరికాలో ఒక సదస్సులో చూపించాడు. 2024 లో సాఫ్లాక్ తాళాల్లో కూడా పరిశోధకులు అలాంటి లోపమే బయటపెట్టారు. 131 దేశాల్లో 30 లక్షల తలుపుల సంగతి అది. కాబట్టి తెరవగలరా అని అడగను. లోపం బయటపడితే ఎన్నాళ్ళలో, ఎవరి ఖర్చుతో సరిచేస్తారో కాగితం మీద రాయమంటాను.

ఐదు. అన్నిటికంటే ముఖ్యమైనది. రిపోర్టు ఎవరినైనా వేలెత్తి చూపిస్తే, ఆ మనిషినీ, యంత్రంతో సంబంధం లేని ఇంకొక ఆధారాన్నీ అడగనిదే నోరు విప్పను. కంపెనీవాళ్ళు ఫోన్లో చెప్పే సలహా ఏదైనా సరే మెయిల్లో పంపమనాలని కౌంటర్లో పనిచేసేవాళ్ళకు మొదటి రోజే నేర్పుతాను.

ఇప్పుడు ప్రతి డెమోలోనూ ఏఐ అనే మాట వినపడుతోంది. అతిథి మనసులో ఏముందో ముందే చెప్పేస్తుందట. అందులో పనికొచ్చేవి ఉండొచ్చు, కాదనను. అవి కూడా మా కవరు విప్పి చదవాల్సిందే. ఎందుకు అలా తేల్చిందో అది చెప్పలేకపోతే, దాని మాట మీద ఒక గుమాస్తాను ఇంటికి పంపే హక్కు ఎవరికీ లేదు.

ఆ లాడ్జి యజమాని నాకు ఇప్పటికీ పాత కస్టమరే. కిందటేడు సర్వర్ మార్చినప్పుడు మళ్ళీ ముహూర్తం పెట్టించాడు, మళ్ళీ గుమ్మడికాయ కొట్టించాడు. నేను ఈసారి నవ్వలేదు, వాదించనూ లేదు. ఆ తంతు ముగిశాక ఆయనే లోపలికెళ్ళి పాత రిజిస్టర్లు రెండు తెచ్చి నా ముందు పెట్టాడు.

"ముందు వీటితో చూడండి సార్. బాగుంటేనే డబ్బు కడతాను" అన్నాడు.