రూపాంతరం

ఛందస్సు, సామెతలు తప్ప మరో విషయం ముట్టని ఈ తెలుగు పంతులు హార్మోన్ల మీద టపా వ్రాయడమేమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. పాత బాకీ ఒకటి ఉంది. అది తీర్చుకోవడానికే ఈ ప్రయత్నం. కాస్త ఓపికతో చదవండి.

1990 నాటి మాట. ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పదవ తరగతికి వ్యాకరణం చెబుతున్నాను. ఆ రోజు పాఠం మహత్తు, అమహత్తు. తెలుగులో లింగవ్యవస్థ విచిత్రమైనది. ‘రాముడు వచ్చాడు’ అంటాం. ‘సీత వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అంటాం. ఏకవచనంలో స్త్రీ ఆవు సరసన నిలబడుతుంది. బహువచనం రాగానే ‘స్త్రీలు వచ్చారు’, ‘ఆవులు వచ్చాయి’ అని పురుషుల పంక్తిలోకి మారుతుంది. సంస్కృతం మరీ విడ్డూరం. ‘భార్య’ స్త్రీలింగం, ‘దార’ పుంలింగం, ‘కళత్రం’ నపుంసకలింగం. ముగ్గురూ ఒకే ఇల్లాలు! పిల్లలను నవ్వించడానికి ఇంతకంటె మంచి పాఠం లేదని నా నమ్మకం.

ఆ తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. పొడగరి. పద్యం రాగయుక్తంగా చదివేది. ఆమె ఇంకా పెద్దమనిషి కాలేదన్న సంగతి ఊరందరికీ తెలుసు. పల్లెల్లో అటువంటివి దాగవు. వెనుక బల్ల మీది కుర్రవాడొకడు లేచి, “మరి ఆ అమ్మాయిది ఏ లింగం మాస్టారూ?” అన్నాడు. తరగతి గొల్లుమంది. నేను వాణ్ణి మందలించలేదు. “ప్రతి సూత్రానికీ ఒక అపవాదం ఉంటుందిరా” అని చమత్కరించి, నేనూ నవ్వాను.

వ్యాకరణంలో అపవాదమంటే మినహాయింపు. లోకంలో అపవాదు అంటే నింద. ఆ రెండర్థాలూ ఆ పిల్ల మీద ఒక్కసారే పడ్డాయి. ఆ తరువాత ఆమె నా తరగతిలో పద్యం చదవలేదు. నేనూ చదవమని అడగలేదు.

నేను పదవీ విరమణ చేసిన కొన్నేళ్లకు ఆమె మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నెరిసిన జుట్టు, చేతిలో ఒక ఫైలు. (ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాను. గుర్తు పట్టడానికి వీలున్న వివరాలు తీసివేశాను.)

“మాస్టారూ, నా పంతొమ్మిదో ఏట పట్నంలో పరీక్షలు చేయించారు. డాక్టరు చెప్పినదంతా విని, అమ్మ నాకు ‘గర్భసంచి లేదట’ అన్న ఒక్క ముక్క చెప్పి ఏడ్చింది. మిగిలినది ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లకు ఒక డాక్టరమ్మ అంతా విడమరిచి చెప్పారు. ఇప్పుడు మా చెల్లెలి కూతురికి పదహారు నిండాయి. దానిదీ నా సంగతేనట. దానికి తెలుగులో చెప్పాలి. ఏ మాటతో చెప్పమంటారు?”

నాకు మాట దొరకలేదు. ఈడేరడం, సమర్తాడడం, పుష్పవతి కావడం, రజస్వల కావడం, పెద్దమనిషి కావడం... ఉన్న సంగతికి ఇన్ని పేర్లు పెట్టుకున్న భాషలో, ఆ సంగతి జరగని పిల్లకు మర్యాదైన పేరు ఒక్కటీ తట్టలేదు. తట్టినవన్నీ తిట్లే. “వారం రోజులు గడువివ్వమ్మా” అన్నాను. నాతో పనిచేసిన జీవశాస్త్రం మాస్టారిని ఆశ్రయించి, ఈ వయసులో మళ్లీ విద్యార్థినయ్యాను.

హార్మోను అన్న మాటను 1905లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఆంగ్ల శరీరశాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చాడు. దాని గ్రీకు మూలానికి ‘ప్రేరేపించు’ అని అర్థం. మన ‘చేయు’కు ‘చేయించు’ ఉన్నట్లు, అది ప్రేరణార్థకం. హార్మోను తాను చేయదు, చేయిస్తుంది. ఈ ఒక్క మాట పట్టుకుంటే మిగిలిన కథంతా సులువు.

మాట పుట్టక ముందే పని బయటపడింది. 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో బెర్తోల్డ్ అనే ఆచార్యుడు ఆరు కోడిపిల్లల మీద ప్రయోగం చేశాడు. ముష్కాలు పూర్తిగా తీసివేసిన పుంజులకు తురాయి ఎదగలేదు, కూత రాలేదు, పోట్లాట లేదు. ముష్కాన్ని తిరిగి కడుపులో వేరొక చోట అతికించిన పుంజులు మాత్రం మామూలు పుంజులుగానే పెరిగాయి. అక్కడ పాత నరాల సంబంధమేమీ లేదు. కాబట్టి ఏదో పదార్థం రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతున్నదని ఆయన గ్రహించాడు. అదే తరువాతి కాలంలో టెస్టోస్టిరోన్ అయింది.

మరి తల్లి కడుపులోని సంగతి? తొలి వారాలలో పిండంలో స్త్రీ మార్గానికీ పురుష మార్గానికీ చెందిన నాళాలు రెండు జతలూ ఉంటాయట! 1947లో ఆల్ఫ్రెడ్ జోస్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, కుందేలు గర్భంలోని పిండాల నుంచి బీజగ్రంథులను తీసివేసి చూశాడు. మగ పిండాలు కూడా స్త్రీ అవయవాలతోనే పెరిగాయి. ముష్కం నుంచి రెండు ఆజ్ఞలు వెలువడతాయని ఆయన పరిశోధనల వల్ల తేలింది. టెస్టోస్టిరోన్ పురుష నాళాలను నిలబెడుతుంది. మరొక హార్మోను, గర్భసంచి కావలసిన నాళాలను కరిగిస్తుంది. వై క్రోమోజోము మీద ఉండి ఈ ముష్కం ఏర్పడడానికి నాంది పలికే ఎస్‌ఆర్‌వై అనే జన్యువును 1990లో కనుగొన్నారు. నేను తరగతిలో నవ్విన సంవత్సరమే అది.

ఇంతమాత్రాన స్త్రీదేహం ఏ ప్రయత్నమూ లేకుండా తనంతట తానే తయారయ్యేదని అనుకోరాదు. అండాశయం అండాశయంగా నిలవడానికి దాని జన్యువులు దానికి ఉన్నాయి. పెద్ద ఆడ ఎలుకలలో అటువంటి జన్యువునొకదాన్ని పనిచేయకుండా చేస్తే అండాశయ కణాలు ముష్క కణాల వంటివిగా మారాయని 2009లో ప్రకటించారు.

యౌవనంలో ఇదే టెస్టోస్టిరోన్ మగపిల్లల గొంతు మారుస్తుంది, కండ పెంచుతుంది, రక్తంలో హిమోగ్లోబిన్‌ను అధికం చేస్తుంది. అలాగని ఇది పురుషుల సొత్తు, ఈస్ట్రోజెన్ స్త్రీల సొత్తు అని గీత గీయలేము. స్త్రీల దేహంలోనూ టెస్టోస్టిరోన్ ఉంది, పాలు తక్కువ. పురుషుల దేహం టెస్టోస్టిరోన్‌లో కొంత భాగాన్ని ఈస్ట్రోజెన్‌గా మార్చుకుంటుంది. 1994లో వైద్యులు ఒక పురుషుని వివరాలు ప్రకటించారు. వయసు 28, ఎత్తు 204 సెంటీమీటర్లు, ఎముకలు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి! అతని దేహం ఈస్ట్రోజెన్‌ను గుర్తించలేకపోవడమే కారణం. మగవాడి ఎదుగుదలకు ముగింపు పలికేది కూడా ఆ ‘ఆడ’ హార్మోనేనన్నమాట.

ఇక మా అమ్మాయి సంగతి. చేయించేవాడు ఎంత అరిచినా చేసేవాడికి వినబడకపోతే పని జరగదు కదా! కణాలలో హార్మోను మాట వినే గ్రాహకమని ఒకటి ఉంటుంది. టెస్టోస్టిరోన్‌ను వినే గ్రాహకపు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. ఆమె క్రోమోజోములు ఎక్స్, వై. కడుపులో ముష్కాలు ఏర్పడ్డాయి, టెస్టోస్టిరోన్ తయారైంది. కాని ఒక్క కణమూ దాన్ని వినలేదు. రెండవ హార్మోను ఆజ్ఞ మాత్రం వినబడింది కనుక గర్భసంచి కరిగిపోయింది. వినబడని టెస్టోస్టిరోనే ఈస్ట్రోజెన్‌గా మారి యౌవనంలో ఆమెకు స్త్రీరూపం ఇచ్చింది. పుట్టినది ఆడపిల్లగా, పెరిగినది ఆడపిల్లగా, తనను తాను ఎరిగినది ఆడపిల్లగా. ఋతువు మాత్రం రాదు. ఆ ఎక్స్ తల్లి నుంచి వస్తుంది. అందుకే చెల్లెలి బిడ్డకూ వచ్చింది. ఆ ముష్కాలను తీసివేయాలా, ఎప్పుడు తీయాలి అన్నది తొందరపడి తేల్చేది కాదట. తీసివేస్తే ఎముకల బలం కోసం ఈస్ట్రోజెన్ వాడవలసి ఉంటుంది.

ఈ సంగతి తెలియక నవ్విన పంతులు నేనొక్కణ్ణే కాదు. మరియా హోసే మార్తీనెజ్ పతీన్యో అనే స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి 1985లో జపాన్‌లోని కోబేలో విశ్వవిద్యాలయ క్రీడలకు వెళ్లింది. క్రోమోజోము పరీక్షలో వై కనబడిందని పరుగుకు అనుమతించలేదు. మరుసటి ఏడు సంగతి పత్రికలకెక్కింది, బిరుదులు పోయాయి. ఆమెదీ ఇదే స్థితి. టెస్టోస్టిరోన్ వల్ల ఆమెకు కలిగిన లాభం సున్న, వై వల్ల కలిగిన నష్టం కొండంత. పోరాడి 1988లో అర్హత తిరిగి పొందింది. 2025 సెప్టెంబరు 1 నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ మహిళల విభాగానికి ఎస్‌ఆర్‌వై పరీక్ష పెట్టింది. కాని హార్మోను ఏమాత్రం వినబడని ఈ స్థితి ఉన్నవారికి మినహాయింపు ఇచ్చింది. ఇది నిందలేని అపవాదం. ఆలస్యంగానైనా వ్యాకరణం నేర్చుకున్నారు!

వారం తరువాత ఆమె వచ్చింది. వైద్యులు 2006లో పాత పేర్లను విడిచి, ‘లింగవికాసం’ అన్న మాట చుట్టూ కొత్త పేరు కల్పించుకున్నారని, అయితే అందులో ‘లోపం’ అన్న అర్థం ఉండడం చాలామందికి నచ్చక ‘భేదం’ అంటున్నారని చెప్పాను. తరువాత నా మాట చెప్పాను.

“మన నిఘంటువులలో ‘అరటి’కి పక్కన ‘అనటి’ ఉంటుందమ్మా. దాన్ని తప్పు అనరు, రూపాంతరం అంటారు. తక్కువ మంది వాడతారు, అంతే. పండు తీపి మారదు. పాపకు ఆ మాట చెప్పు. నీది లోపం కాదు, రూపాంతరం అని.”

ఆమె ఆ మాటను రెండుసార్లు పలికి చూసుకుంది.

“ఆ రోజు తరగతిలో నేను నవ్వాను తల్లీ. తప్పు చేశాను” అన్నాను.

“గుర్తుంది మాస్టారూ. మీకు గుర్తుండదనుకున్నాను” అంది. క్షమించానని అనలేదు. అడిగే అర్హత నాకూ లేదు. వెళ్లేముందు ఫైలు మీద ఆ మాటను తెలుగులో వ్రాయించుకుని వెళ్లింది.

మిత్రులారా, ఇంతకంటె మంచి మాట మీకు తడితే వ్యాఖ్యలో వ్రాయండి. మీలో పాఠాలు చెప్పేవారుంటే ఒక మనవి. వెనుక బల్ల నుంచి అటువంటి ప్రశ్న వచ్చిన రోజున, ముందు బల్లల వైపు ఒకసారి చూడండి. అక్కడ ఎవరైనా తల వంచుకున్నారేమో.