మిగిలిన షాట్

మొన్న దసరా సెలవుల్లో జైపూర్‌లో మా ఇంట్లో ఫోన్ చూస్తూ కూర్చున్నా. ఎవరో రైఫిల్ తూటాలు తిరిగి నింపుకునే వీడియో. ఖాళీ ఇత్తడి తూటా అడుగున ప్రైమర్ అనే చిన్న బిళ్లని కూర్చోబెట్టి, వేలితో తడిమి చూస్తున్నాడు. అది అంచు కన్నా పైకి ఉండకూడదట. సరిగ్గా కూర్చోకపోతే ట్రిగ్గర్ నొక్కినా పేలకపోవచ్చు, కొన్నిసార్లు నొక్కకముందే పేలొచ్చు.

వెనక నుంచి బాపు అన్నాడు: "మాకు గూడ ప్రైమర్ ఉంటది బిడ్డా."

బాపు సింగరేణిలో షాట్‌ఫైరర్. నాకు ఆ పేరు తెలుసు, పని తెలీదు. స్కూల్లో ఏ ఫారం ఇచ్చినా "సింగరేణి ఎంప్లాయీ" అని రాసేదాన్ని, అంతే. ఆ రోజు మొదటిసారి అడిగా.

బొగ్గు గోడకి రంధ్రాలు చేసి మందు పెడతారు. అందులో డిటొనేటర్ ఉన్న మందుకడ్డీనే ప్రైమర్ అంటారు. డిటొనేటర్ గొట్టం రాగిది. అల్యూమినియం అయితే ఆ మంటకి బాయిలోని మీథేన్ అంటుకునే ప్రమాదం ఉంది. లోపలికి కట్టె గడతోనే మెల్లగా నెట్టాలి. ఇనుము తగలొద్దు, దంచొద్దు. తర్వాత మట్టితో మూసి, గ్యాస్ చూసి, అందరినీ దూరం పంపాలి.

"ఎక్స్‌ప్లోడర్ తాళం నా జేబులనే ఉంటది. ఇంకోల చేతికి ఇయ్య."

"పేలకపోతే?"

"ఆగుడే. ఎంటనే దగ్గరికి పోవద్దు."

అప్పుడు నాకు ఎంసెట్ రోజు గుర్తొచ్చింది. నైట్ షిఫ్ట్ నుంచి రాగానే బండి మీద మంచిర్యాల సెంటర్‌కి తీసుకెళ్తా అన్నాడు. రాలేదు. ఫోన్ కలవలేదు. చివరికి పక్కింటి అంకుల్ దింపాడు. గేటు మూసే ముందు ఉరికి లోపలికెళ్లా. సాయంత్రం బాపు ఒకటే మాట చెప్పాడు: "ఒక షాట్ మిగిలింది." నేను రెండు రోజులు మాట్లాడలేదు.

"ఆ రోజు వేరేవాళ్లకి చెప్పి రావొచ్చు కదా?" అని ఇప్పుడు అడిగా.

"వచ్చే షిఫ్ట్ షాట్‌ఫైరర్‌కి నేనే చూపియ్యాలె. తెల్వక ఎవడన్న అక్కడ డ్రిల్లు పెడితే? వాని ఇంట్ల గూడ పిల్లలుంటరు గద."

నేను రోజూ ల్యాబ్‌లో కోడ్ రన్ చేస్తా. ఎర్రర్ వస్తే ఏదో ఒకటి మార్చి మళ్లీ రన్ కొడతా. ఒక్కోసారి ఏం మార్చానో కూడా చూసుకోను. పని చేస్తే చాలు. బాపు పనిలో ఆ "మళ్లీ" లేదు.

సారీ చెబుదామనుకున్నా. ఈలోపు సెకండ్ షిఫ్ట్ మస్టర్‌కి లేటవుతుందని బాపు బండి తీశాడు.

నేను చదివిందంతా ఇంగ్లిష్ మీడియం, తెలుగులో తప్పులుంటాయి. అయినా తెలుగులోనే రాశా. మ్యాగజైన్ వచ్చాక లింక్ బాపుకే పంపుతా.