జవాబు చెప్పవలసిన కుర్చీ

తెలుగులో సైన్యానికి సంబంధించిన మాటలను ఒకచోట కూర్చి చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. సేన, దండు, దళవాయి, దండనాయకుడు అనే పాత మాటల సరసనే సిపాయి, ఫౌజు, జవాను, సుబేదారు, హవల్దారు, కవాతు, బందూకు అనే మాటలు వచ్చి కూర్చున్నాయి. ఈ రెండవ వరుసలోనివన్నీ అరబ్బీ, పారశీక భాషల నుండి బయలుదేరి, ఉర్దూ వాకిటి గుండా మన ఇంటిలోనికి ప్రవేశించినవే. అదే వాకిటి గుండా వచ్చిన మాట మరొకటి ఉన్నది. అది ‘జవాబుదారీ’. బందూకును ఇచ్చిన భాషే, బందూకు పట్టించినవాణ్ణి అడగవలసిన ప్రశ్నను కూడా మనకు ఇచ్చింది. ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి చదివే ఈ సంచికలో ఆ ఒక్క మాటను గురించి నాలుగు మాటలు చెప్పుకొనడం అసందర్భం కాదనుకొంటాను.

ఒకనాడు తరగతిలో శ్రీకృష్ణ రాయబారం పాఠం నడుస్తుండగా ఒక విద్యార్థి లేచి, పాఠానికి దూరమనిపించే ప్రశ్న వేశాడు. “సార్, మనం రక్షణ మంత్రి అంటాం కదా, అమెరికావాళ్లు కార్యదర్శి అంటారెందుకు?” అని. 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు రక్షణ శాఖకు ‘యుద్ధ శాఖ’ అనే పాత పేరును అదనపు పేరుగా వాడుకొనవచ్చునని ఉత్తర్వు ఇచ్చినట్లు పత్రికలో చదివాడట. ఆ పిల్లవానికి అప్పుడు క్లుప్తంగా ఇచ్చిన సమాధానాన్నే ఇక్కడ కొంచెం విస్తరించి రాస్తున్నాను.

అమెరికాలో యుద్ధ శాఖ 1789 ఆగస్టులో ఏర్పడింది. దానికి తొలి కార్యదర్శి హెన్రీ నాక్స్. విప్లవ యుద్ధంలో ఫిరంగి దళాన్ని నడిపినవాడే గాని, అంతకు ముందు బోస్టన్ నగరంలో పుస్తకాల అంగడి పెట్టుకొని బతికినవాడు. కార్యదర్శి అనడంలోనే ఆ పదవి స్వభావం ఉన్నది. అతడు రాజు కాడు, సేనాపతి కాడు. అధ్యక్షుని పక్షాన సైనిక వ్యవహారం చూస్తాడు. ప్రజా ప్రతినిధుల సభ పిలిచినప్పుడు వెళ్లి లెక్క చెప్పుకొంటాడు. 1947లో కొత్త చట్టం వచ్చి, విడివిడిగా ఉన్న సైనిక శాఖలను ఒక గొడుగు కిందికి తెచ్చి, రక్షణ కార్యదర్శి పదవిని కల్పించింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 17న జేమ్స్ ఫారెస్టల్ ఆ పదవిలో తొలివానిగా ప్రమాణం చేశాడు. సైన్యాన్ని విడిచి పదేళ్లు గడవనివాడు ఆ కుర్చీలో కూర్చోరాదని ఆ చట్టమే నియమం పెట్టింది. 1950లో జనరల్ మార్షల్ అంతటివానిని నియమించడానికి కూడా ఆ దేశపు కాంగ్రెసు ప్రత్యేకంగా అనుమతి ఇవ్వవలసి వచ్చింది. కత్తి పట్టిన చెయ్యి వేరు, కత్తిని ఎప్పుడు దూయాలో నిర్ణయించే బుద్ధి వేరు అనే వివేకం ఈ ఏర్పాటుకు పునాది.

ఈ వివేకం మనకు పరాయిది కాదు. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో కవి తిక్కన మంత్రి. ఆయన జ్ఞాతి ఖడ్గ తిక్కన సేనాని. రాజ్యం చేజారినప్పుడు ఓరుగల్లుకు వెళ్లి గణపతిదేవుని సాయం సంపాదించినవాడు మంత్రి. పుల్లరి తగవు ముదిరి కాటమరాజుతో పోరు వచ్చినప్పుడు రణరంగంలో ఒరిగినవాడు సేనాని. ఒకే వంశంలో మాట ఒకరిదీ కత్తి ఒకరిదీ అయింది. అయితే ఆ ఇద్దరూ జవాబు చెప్పుకొన్నది రాజుకే. ఆ రాజు ఎవరికి జవాబు చెప్పాలి?

ఈ ప్రశ్నకు మా ప్రాంతంలోనే ఒక కథ ఉన్నది. బేతవోలును తన తండ్రి జగ్గన్న పేరిట జగ్గయ్యపేటగా మార్చిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గొప్ప దాత, ఎన్నో గుడులు కట్టించినవాడు. దోపిడీలు చేస్తున్నారని చెంచులను భోజనానికి పిలిచి తలలు నరికించినదీ ఆయనేనని, ఆ తర్వాత మనశ్శాంతి కరవై అమరావతి చేరి అమరేశ్వరుని సేవలో కాలం గడిపాడని జనశ్రుతి. కథ ఎంతవరకు నిజమైనా, దాన్ని తరతరాలుగా చెప్పుకొన్న జనం ఒక సత్యాన్ని మాత్రం పట్టుకొన్నారు. ప్రభువు తన అంతరాత్మకు జవాబు చెప్పుకొన్నాడు. చెంచుల బిడ్డలకు ఎవరూ జవాబు చెప్పలేదు.

నా స్వగ్రామం గరికపాడు. హైదరాబాదు, విజయవాడల నడుమ రహదారి మీద, పాలేటి ఒడ్డున ఉన్న ఊరు. దేశపటంలో వెదికితే చుక్క కూడా కనిపించదు గాని, హద్దులు మాత్రం మా ఊరిని విడిచిపెట్టలేదు. 1948 వరకు ఇవతల మద్రాసు రాష్ట్రం, అవతల నైజాం రాజ్యం. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో రాష్ట్రాల నడుమ ఆ గీత చెరిగింది. 2014 జూన్ 2న మళ్లీ గీశారు. ఇప్పుడది లారీలను ఆపి కాగితాలు చూసే గీత. 1948లో అది ప్రాణాలను పంచిన గీత.

ఆనాడు గీతకు అవతల కాసిం రజ్వీ మాట మీద రజాకార్లు నడిచేవారు. రజ్వీ వృత్తికి న్యాయవాది. ప్రభుత్వంలో ఏ పదవీ లేదు. పదవి లేనివానిని ఏ సభ పిలిచి ప్రశ్నిస్తుంది? అందువల్లనే ఆ దళాలు పల్లెలను దోచినా, మనుషులను చంపినా అడిగేవారు లేకపోయారు. 1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సైన్యం కదిలింది. విజయవాడ వైపు నుండి మేజర్ జనరల్ రుద్ర ఆధ్వర్యంలో వెళ్లిన దళం ఉదయం ఎనిమిదిన్నరకే కోదాడ చేరింది. అప్పుడు దేశ రక్షణ మంత్రి సర్దార్ బల్‌దేవ్ సింగ్. సెప్టెంబరు 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. అమెరికాలో ఫారెస్టల్ ప్రమాణం చేసి ఆనాటికి సరిగ్గా ఏడాది. మరునాడు నిజాం సేనాధిపతి ఎడ్రూస్, మేజర్ జనరల్ చౌధురి ఎదుట లొంగిపోయాడు.

మా దాదీకి అప్పుడు పదేళ్లు. ఆమె పెద్దన్న సూర్యాపేట చుట్టుపక్కల పల్లెలలో బట్టల మూట నెత్తిన పెట్టుకొని తిరిగి అమ్ముకొనేవాడు. బందూకు పట్టినవాడు కాడు, ఏ దళంలోనూ చేరినవాడు కాడు. ఆ సెప్టెంబరు తర్వాత ఆయన ఇల్లు చేరలేదు. ఎవరు చంపారో చెప్పమని దాదీ ఎన్నడూ అడగలేదు. ఎవరిని అడగాలో చెప్పమని మాత్రం అడిగేది. నేను ఎం.ఏ. పూర్తి చేసి ఇంటికి వెళ్లిననాడు కూడా అదే అడిగింది. అన్ని పుస్తకాలు చదివి వచ్చినవాడికి ఇది తెలియకుండా ఉంటుందా అని ఆమె నమ్మకం.

అడగవలసిన చోటు ఒకటి ఉండాలని ఆనాటి ప్రభుత్వానికీ తోచింది. పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ మొదలైనవారిని 1948 చివరలో ఢిల్లీ నుండి పంపి, జరిగినదాన్ని విచారింపజేసింది. సైనిక చర్య సమయంలోనూ ఆ తర్వాతనూ సంస్థానమంతటా ప్రాణాలు కోల్పోయినవారు 27 వేల నుండి 40 వేల వరకు ఉండవచ్చునని వారు అంచనా వేశారు. కొన్ని చోట్ల సైనికులూ దోపిడీలో పాలుపంచుకొన్నారని, సైన్యం మొత్తం మీద క్రమశిక్షణ పాటించిందని, రెండు మాటలూ రాశారు. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజల కంటబడలేదు. సైనిక గవర్నరు పాలన ముగిసి, 1950 జనవరిలో వెల్లోడి ముఖ్యమంత్రి కావడం, 1952లో ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావు గద్దెనెక్కడం మాత్రం మన అదృష్టం. కత్తి ఒర చేరింది. జవాబు బీరువాలో ఉండిపోయింది.

కుర్చీ ఉన్నంత మాత్రాన జవాబు దానంతట అది రాదని అమెరికా చరిత్ర కూడా చెబుతుంది. హెన్రీ స్టిమ్సన్ వృత్తికి న్యాయవాది. రెండవ ప్రపంచ యుద్ధంలో 1940 నుండి 1945 వరకు యుద్ధ కార్యదర్శి. అణుబాంబు వేయవలసిన నగరాల పట్టికలో క్యోటో ఉంటే, అది జపాను సంస్కృతికి పుట్టిల్లని పట్టుబట్టి కొట్టివేయించాడు. సైనికాధికారులు మళ్లీ మళ్లీ అడిగినా వినలేదు. ఒక కలం గీత ఒక మహానగరాన్ని కాపాడింది. అయితే ఆ తర్వాత పట్టికలోకి చేరినది నాగసాకి. 1942లో తన దేశంలోనే ఉన్న జపాను సంతతివారిని, పసిపిల్లలతో సహా, ఇళ్ల నుండి తరలించి ముళ్లకంచెల వెనుక ఉంచే అధికారం కూడా ఆయన శాఖకే దక్కింది. అలా తరలినవారు లక్షకు పైగా ఉన్నారు. వారిలో ఎక్కువమంది ఆ దేశ పౌరులే. వారి అపరాధమల్లా పూర్వీకుల ఊరు. ఆ ప్రభుత్వం 1988లో చట్టం చేసి క్షమాపణ చెప్పింది; బతికి ఉన్నవారికి తలకు 20 వేల డాలర్లు ఇచ్చింది. జవాబు రావడానికి 46 ఏళ్లు పట్టింది. ఆలస్యంగానైనా వచ్చింది.

వియత్నాం యుద్ధాన్ని నడిపిన మెక్‌నమారా 1968లో పదవి వదిలి, 1995లో గాని తమ నిర్ణయాలు తప్పని పుస్తకం రాయలేదు. మన దేశంలో 1962లో చైనాతో యుద్ధం జరిగినప్పుడు కృష్ణ మీనన్ నెలలోపే రక్షణ శాఖను విడువవలసి వచ్చింది. ప్రధానికి ఎంత ఆప్తుడైనా పార్లమెంటు కోపం ఎదుట నిలువలేకపోయాడు. ఓటమి బాధాకరమే, కాని మంత్రిని దింపగలిగిన సభ ఉండడం ఆ ఓటమిలోనూ దేశానికి మిగిలిన బలం.

తెలుగువారిలో ఆ కుర్చీ ఎక్కిన పాములపర్తి వేంకట నరసింహారావు గారిని తలచుకోకుండా ఈ వ్యాసం ముగించలేను. యౌవనంలో నిజాం పాలనకు ఎదురుతిరిగి చాందా శిబిరంలో పనిచేసిన ఆయన, 1984 డిసెంబరు 31న దేశ రక్షణ మంత్రి అయ్యారు. విశ్వనాథ వారి ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’గా హిందీలోనికి తెచ్చిన చెయ్యి అది. తర్వాత ప్రధానిగా ఉంటూ 1993 నుండి 1996 వరకు రక్షణ శాఖను కూడా తానే చూశారు. 1993 సెప్టెంబరులో చైనా సరిహద్దు వెంబడి శాంతిని కాపాడుకొనే ఒప్పందం కుదిరింది. ఆయనే ప్రధానిగా ఉన్న 1992 డిసెంబరు 6న అయోధ్యలో మసీదు కూలుతున్నప్పుడు కేంద్ర బలగాలు దాపులో ఉండి కూడా కదలలేదు. కత్తి దూయకపోవడం ఒకచోట వివేకమయితే, మరొకచోట అదే ప్రశ్న అవుతుంది. ఆయనకూ ఆ సంగతి తెలుసు. అందుకే ఆ ఒక్క రోజును గురించి ఒక పుస్తకమే రాశారు. ఆయన 2004లో కన్నుమూసిన తర్వాత, 2006లో అది వెలువడింది. ఆ జవాబుతో తృప్తి పడేవారూ ఉన్నారు, పడనివారూ ఉన్నారు. జవాబు చెప్పవలసి ఉన్నదని ఆయన ఒప్పుకొన్నారు. దానిని నేను గౌరవిస్తాను.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు సైన్యంలో చేరుతారు, కొందరు కచేరీలలో కుర్చీ వేసుకొంటారు, ఏ ఒక్కరో శాసనసభకూ వెళ్తారు. మిగిలినవారంతా పౌరులవుతారు. పౌరుడు కావడం చిన్న ఉద్యోగమని అనుకోకండి. సిపాయి ప్రాణం ఒడ్డుతాడు. సిపాయిని పంపినవాడు మాట ఒడ్డాలి. ఆ మాటను మర్యాదగా, ఆధారాలతో, విడువకుండా అడగడం మన వంతు. అడిగేవారు అలసిపోయిన దేశంలో మంత్రి కుర్చీకీ రాజుగారి గద్దెకూ తేడా మిగలదు.

మన చదువుకు అర్థం ఉండాలంటే, దాదీల ప్రశ్నలకు చోటు చూపించగలగాలి. ఏ సభలో అడగాలో, ఏ కాగితం తెరిపించాలో, ఏ పేరుతో పిలవాలో తెలిసినవాడే విద్యావంతుడు. ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా ఆ అర్జీ పైన పెట్టవలసిన మాట ఒక్కటే. అది రెండు భాషలకూ సొంతమైన జవాబుదారీ.