దివిసీమకు 4జీ చేరేదాకా

విజయవాడలో 2022 డిసెంబరులోనే ప్రైవేటు 5జీ సేవలు మొదలుకాగా, బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్‌ను వదలని వినియోగదారులలో చాలామంది, నగరంలో ఉన్నా దివిసీమలోని నాగాయలంకలో ఉన్నా, అప్పటికింకా 4జీ కోసమే ఎదురుచూస్తున్నారు.

ఆ సంస్థకు 4జీ స్పెక్ట్రమ్‌ను, అంటే సంకేతాలు ప్రయాణించే రేడియో తరంగాల పరిధిని, కేటాయించాలని కేంద్ర మంత్రివర్గం 2019 అక్టోబరులో నిర్ణయించినా, పరికరాల టెండరు 2020లో రద్దయింది. ఆపై స్వదేశీ పరిజ్ఞానమే వాడాలన్న నిర్ణయంతో సీ-డాట్, తేజస్, టీసీఎస్ సంస్థలు కలిసి కొత్త వ్యవస్థను నిర్మించవలసి రావడంతో, దేశవ్యాప్త ప్రారంభం 2025 సెప్టెంబరు 27 దాకా జరగలేదు.

స్వదేశీ సాంకేతికత నిస్సందేహంగా గర్వకారణమే.
అయితే అందుకు చెల్లించిన మూల్యంలో పెద్ద భాగం వినియోగదారుల ఓర్పు అన్నది కూడా నమోదు కావాలి.

ఎందుకంటే చెరువు గట్టున నిలబడి రొయ్యల ధర తెలుసుకొనే రైతుకు, 1977 ఉప్పెనను మరువని తీరగ్రామాలలో తుపాను హెచ్చరిక కోసం చూసే కుటుంబానికి ఇంటర్నెట్ వేగం వినోదం కాదు, జీవనావసరం. పైగా టవరు నిలబెట్టినంత మాత్రాన వేగం రాదు. టవరును ప్రధాన నెట్‌వర్క్‌తో కలిపే బ్యాక్‌హాల్ అనే మార్గం ఇరుకైతే, ఫోనులో 4జీ గుర్తు కనిపిస్తున్నా పేజీ తెరుచుకోదు.

అవనిగడ్డ, కోడూరు, బందరు, గుడివాడ ప్రాంతాల పాఠకులు తమ ఊరిలో ఇప్పుడు వేగం ఎలా ఉందో, ఊరి పేరుతో సహా, కింద తెలియజేయగలరు.