స్లో ఎవరు? (మా వాడ ముచ్చట్లు - 17)

మొన్న రాత్రి కడప నుంచి మా చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. "అన్నా, స్కాలర్‌షిప్ ఫారానికి రేపే ఆఖరు. నెట్ సెంటర్లో నూర్రూపాయలు అడుగుతాండారు. నువ్వే నింపు."

కర్నూలు రూములో నా పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నా. ర్యామ్ 2 జీబీ. పేజీ సగం తెరుచుకుని ఆగిపోయింది.

బడిలో మా అయ్యవారు నన్ను "వీడు స్లో" అనేవాడు. ఇంట్లో చదువుకోను దీపం ఉందా అని ఎప్పుడూ అడగలేదు. ఈ మిషన్ కథా అంతే.

ఇప్పటి బ్రౌజర్లు ట్యాబులను, సైట్లను వేర్వేరు ప్రాసెస్‌లుగా నడుపుతాయి. ఒకటి కూలినా మిగతావి నిలబడాలని. దానికి ర్యామ్ కావాల. అది నిండితే మిషన్ డిస్కు మీద పడుతుంది, నత్తనడక మొదలు. పైగా యాడ్లు, మనల్ని వెంటాడే ట్రాకర్లు. కొత్త మిషన్ ఉన్నోళ్లను చూసి కట్టిన ఇల్లు ఇది.

ఫైర్‌ఫాక్స్‌కు మారినా. 2004లో 1.0 వెర్షన్ వచ్చింది, దాని వెనక ఉన్నది లాభాపేక్ష లేని మొజిల్లా ఫౌండేషన్. మెనూలు తెలుగులోనూ ఉన్నాయి. యూబ్లాక్ ఆరిజిన్ వేసినా, ఒక్క ట్యాబే ఉంచినా. నిజం చెప్పాలంటే, బ్రౌజర్ కంటే ఈ రెండే ఎక్కువ పనిచేసినాయి. అవతల సర్వరే మొరాయిస్తే ఏ బ్రౌజరూ ఏమీ చేయలేదు.

పదకొండున్నరకు ఫారం పోయింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ర్యామ్ కొనేముందు ఇది చేసి చూడండి. ఎవరన్నా మిమ్మల్ని స్లో అంటే, మీ మీద మోపిన బరువెంతో లెక్క అడగండి.

జై భీమ్.