అంకెతో పిలువబడు చేప

రాయపూరు నుండి దక్షిణముగా పోవు దారిలో అభన్‌పూరు కలదు. ఆ సీమలో చెరువు లేని ఊరు అరుదు. ఆ చెరువుల చేప మాగుర్. తెలుగువారు మార్పు అని పిలుచు మీసాల చేప అదియే. 1822లో హామిల్టన్ గంగానదీ మత్స్యములను గూర్చి వ్రాసిన గ్రంథమున దానిని ఆ దేశీయనామముతోనే వర్ణించెను. పిమ్మటి పండితులు దానిని జావా ద్వీపపు బట్రాకస్ అను జాతిలో కలిపివేసిరి. ఆ అరువు పేరే చిరకాలము భారతీయ గ్రంథములలో నిలిచినది. 2008లో ఎంగ్, కొట్టెలాట్ అను ఇరువురు జావా చేప యేదో నిర్ణయించిన పిమ్మట గాని మాగుర్‌కు తన పేరు తిరిగి దక్కలేదు.

పేరు మారినంత మాత్రమున కూర రుచి మారునా యని అంగడివాడు నవ్వవచ్చును. కాని అంగళ్లలో ఆఫ్రికా ఖండపు చేప ఒకటి మాగుర్ పేరుతోనే అమ్ముడగుట కలదు. పిల్లలుగా ఉన్నప్పుడు రెండును ఇంచుమించు ఒక్కటే. పెరిగినచో ఆఫ్రికాది మీటరు దాటును, చెరువులోని తక్కిన చేపలను మ్రింగును. 2000లో ప్రభుత్వము దాని పెంపకమును నిషేధించినది. నిషేధపు కాగితము కంటె ముందు కావలసినది రెంటిని వేరుపరచు కన్ను.

అట్టి కన్నును సాధన చేసినవారు విశ్వవిద్యాలయములలోని వారే కారు. ఇండ్లలో గాజుతొట్లు పెట్టుకొనువారు కూడను. దక్షిణ అమెరికా నదులనుండి ఒడలెల్ల పలకల కవచమును, రాళ్లను అంటిపట్టుకొను నోరును గల మీసాల చేపలు వర్తకమునకు రాసాగెను. వానిలో ఎన్నింటికో శాస్త్రనామము లేదు. 1988లో డాట్స్ అను జర్మను పత్రిక వానికి తోచిన పేర్లు పెట్టక, ఆ కుటుంబపు లాటిను నామములోని మొదటి అక్షరమగు ‘ఎల్’ చేర్చి వరుసగా అంకెలు వేయ మొదలిడెను. ఇది వినయము గల పద్ధతి. అంకె ఏమియు తెలిసినట్లు నటింపదు. ఛాయాచిత్రమును, పట్టిన నదిని చూపి ఊరకుండును.

అంకె వేయుట సులభము, వేరుపరచుట కష్టము. వన్నెను నమ్మరాదు, వయస్సుతోను బెదురుతోను అది మారును. పండ్లు, పలకల సంఖ్య, రెక్కల ముండ్లు, పుట్టిన ఏరు, ఇవి సాక్ష్యములు. బ్రెజిలులోని షింగూ నదిలో 46వ అంకె గల నలుపు తెలుపు చారల చేపకు 1991లో ఇస్‌బ్రూకర్, నైసన్ హైపాన్‌సిస్ట్రస్ జీబ్రా అని నామకరణము చేసిరి. 98వ అంకెతో వచ్చినదియు అదియే యని తేలినది. ఆ నదివే 66, 333 అంకెల చేపలను పెంపకందార్లు వేర్వేరుగా ఎంచుచుండిరి. 2025లో అవి సైడెలి అను ఒక్క జాతిగా వర్ణింపబడినవి. వారి శ్రమ వ్యర్థమైనదనుట న్యాయము కాదు. ఆ పట్టికలే లేకున్నచో పోల్చి చూచుటకు ఏమి ఉండెడిది?

ఇంతలో, 2016లో, షింగూపై బెలోమాంటె ఆనకట్ట విద్యుత్తు నుత్పత్తి చేయ నారంభించినది. జీబ్రా నివసించు నదీవంపున ప్రవాహము సన్నగిల్లినది. పేరు పొందిన చేపకే ఈ గతి పట్టగా, అంకె మాత్రమే గలది అంతరించినచో ఏ జాబితాలో వ్రాయుదురు?

ఆ కుటుంబములోనివే మరి రెండు, తొట్లనుండి బయటపడి, ఆంధ్రదేశపు చెరువులలో చేరినవి. రైతులు వానిని దెయ్యపు చేపలందురు. వాని ముండ్లు వలలను చింపును, కొనువాడు లేడు. పొట్టమీది చుక్కలు విడివిడిగా నున్నచో పర్డాలిస్ అనియు, కలిసి వంకర గీతలైనచో డిస్‌జంక్టివస్ అనియు పుస్తకము చెప్పును. వల ఎత్తి, చేపను వెల్లకిల త్రిప్పి చూచినచో, కొన్నింటి పొట్టపై రెండును కానవచ్చును.